కర్రోడి చలికాలం

1958 నవంబర్ 9, ఆదివారం

ఈరోజు కర్రోడు రామమ్మను కరిచాడు.

రామమ్మ ఇంట్లోనే నేను కిరాయికి ఉంటున్నాను. ఆమె భర్త ఐలేశం గొర్రెల కాపరి. కర్రోడు వాళ్ళ మంద కుక్క. పేరుకు తగ్గ నలుపు, మూతి మాత్రం ముగ్గుపిండిలో ముంచి తీసినట్టు నెరిసిపోయింది. నేను గ్రామసేవికగా ఈ ఊరికి వచ్చి మూడు నెలలవుతోంది. ఇన్నాళ్ళలో నన్ను చూసి తోక ఊపనిది వాడొక్కడే అనుకునేదాన్ని. మనుషులకు తోక లేదు కాబట్టి తెలియలేదు.

పొద్దున రామమ్మ గొర్రెల దొడ్డి ముందు ఊడుస్తోంది. వాడు ఎప్పటిలాగే తలుపు దగ్గర బండ మీద పడుకుని ఉన్నాడు. జరగమంది. జరగలేదు. వెనక కాళ్ళ కింద చేయి పెట్టి పక్కకు లాగబోయింది. గిర్రున తిరిగి మణికట్టు పట్టేశాడు. వెంటనే వదిలేశాడు కూడా. వదిలి, తల బండకు ఆనించి, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

జనం పోగయ్యారు. పిచ్చి లేచిందన్నారు. పక్కింటి కురుమయ్య కర్ర తెచ్చి ఐలేశం చేతికిచ్చాడు. ఐలేశం కుక్క ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కర్రను గోడకు ఆనించి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నేను రామమ్మ గాయాన్ని సబ్బుతో కడిగాను. ట్రైనింగులో నేర్పిన వాటిలో ఈ ఊళ్ళో నాకు పనికొచ్చిన మొదటి పాఠం ఇదే. రేపు ఆమెను దేవరకొండ దవాఖానకు తీసుకుపోవాలి. కుక్కను కూడా పశువుల దవాఖానకు తీసుకుపోదాం అన్నాను. చంపే కుక్కకు దవాఖానా అని కురుమయ్య నవ్వాడు. కానీ బండి కడతానన్నాడు.

నవంబర్ 10, సోమవారం

వెళ్ళి వచ్చాం. నడుము విరిగినట్టుంది. నా నడుమే ఇలా ఉంటే బండిలో పడుకుని వచ్చిన వాడి నడుము ఎలా ఉందో.

రామమ్మకు కట్టు కట్టారు. కుక్కను పది రోజులు కట్టేసి చూడమన్నారు. వాలకం ఏమాత్రం మారినా వెంటనే రామమ్మకు సూదులు మొదలుపెట్టాలట.

పశువుల డాక్టరు పేరు దశరథం. నల్గొండ మనిషి, అంటే మా ఊరివాడే. ఐలేశం తలకు చుట్టుకునే రుమాలుతో వాడి మూతి కట్టి పట్టుకుంటే, డాక్టరు వెన్ను మీద మెల్లగా వేళ్ళతో నొక్కుకుంటూ పోయాడు. నడుము దాకా ఏమీ అనలేదు. తుంటి దగ్గరికి రాగానే వాడు అరిచాడు. కట్టిన మూతిలోంచి వచ్చిన అరుపు అది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పిచ్చి లక్షణాలేవీ కనబడడం లేదు, అయినా పది రోజులు ఆగండి అన్నాడు డాక్టరు. తుంటి కీళ్ళు అరిగిపోయాయట. గోళ్ళు పెరిగి లోపలికి వంగినందువల్ల అడుగు వేసినప్పుడల్లా ఆ నొప్పి పైదాకా పాకుతోందట. చలికి ఇంకా ఎక్కువవుతుందట. తర్వాత ఒక మాట అన్నాడు: "దీనికి నొప్పి చెప్పుకునే నోరు లేదు. పళ్ళున్నయి. పళ్ళతోని చెప్పింది."

పొట్లాలు ఇచ్చాడు. కడుపు నిండా తిన్నాకే వేయాలి. కక్కుకున్నా, దొడ్డికి నల్లగా వచ్చినా ఆపెయ్యాలి. మెత్తటి పడక, వేడి కాపడం, గోళ్ళు తీయడం, కొద్దికొద్దిగా నడిపించడం. మళ్ళీ పడుచు కుక్క అవుతుందా అని నేను అడిగాను. కాదన్నాడు. నొప్పి లేని ముసలి కుక్క కావచ్చన్నాడు.

అదే రోజు, సాయంత్రం 6

ఐలేశం చెప్పవలసింది చెప్పాడు. జొన్న కోతలవగానే మంద కృష్ణ ఒడ్డుకు కదులుతుంది. ప్రతి ఏడూ అంతే. ఈసారి నందికొండ దిక్కు. అక్కడ ఆనకట్ట కడుతున్నారు, జనం ఉన్నారు, గొర్రెలకు బేరం ఉంటుంది. వానల దాకా తిరిగి రాడు.

"నేను పోతె వాడు ఎనకనే వస్తడు," అన్నాడు. "తొవ్వల యాడ్నో పడి సస్తడు. నక్కలు పీక్క తింటయి. అంతకన్న నా చేతుల పోవుడు నయం."

కరిచినందుకు కాదన్నమాట. కోపంతో అన్నదైతే నేను వాదించేదాన్ని.

మంద కదిలేదాకా ఆగండి పెద్దనాయినా, నొప్పి తగ్గుతుందేమో చూద్దాం అన్నాను. గొంగడి కప్పుకుని దొడ్డిలోకి వెళ్ళాడు. వెళ్తూ కర్రోడి మీదుగా దాటాడు, కిందికి చూడలేదు.

నవంబర్ 12, బుధవారం

పడక తయారు చేశాం. గోనెసంచిలో వరిగడ్డి కుక్కి, పైన పాత గొంగడి ముక్క కుట్టింది రామమ్మ, కట్టు కట్టిన చేత్తోనే. ఎండ బాగా తగిలే చోట, గోడ వారన వేశాం. కర్రోడిని పలుపుతో మెల్లగా అక్కడికి తీసుకొచ్చాను. వాసన చూశాడు. తిరిగి బండ మీదికి వెళ్ళి పడుకున్నాడు.

నవంబర్ 13

బండ మీదే.

నవంబర్ 14, శుక్రవారం

నేను తెలివిగల దాన్ననుకుంటాను. ఎండ ఎక్కడ, గాలి ఎటు అని లెక్కవేసి పడక వేశాను. రామమ్మ పొద్దున లేచి ఆ పడకను ఎత్తి బండ మీద వేసింది, అంతే. వాడు ఎక్కి, మూడుసార్లు చుట్టు తిరిగి, పెద్దగా ఊపిరి వదిలి పడుకున్నాడు.

అక్కడి నుంచైతే దొడ్డి తలుపు కనిపిస్తుంది. వాడు డ్యూటీలో ఉన్నాడు. డ్యూటీ వదిలి ఎండకు పోతాడా.

నవంబర్ 20, గురువారం

పది రోజులు గడిచాయి. పిచ్చి లేదు. ఊరికి చెప్పాం. కురుమయ్య, నేను ముందే అన్న గద అన్నాడు. అనలేదు.

పొట్లం మందు పెద్ద పరీక్ష. జొన్న గటకలో కలిపితే చుట్టూ ఉన్నదంతా నాకి మందున్న ముద్దను మాత్రం శుభ్రంగా వదిలేస్తున్నాడు. బొక్కల చారు పోసి పిసికి పెడితే తింటున్నాడు. ఆ ఎముకల కోసం దేవరకొండ సంత నుంచి వచ్చేవాళ్ళను బతిమాలుతున్నాను. గ్రామసేవికమ్మ మాంసం తింటుందని ఊరంతా అనుకుంటోంది. అనుకోనీ.

కాపడం రామమ్మ పని. ఆముదపాకు పెనం మీద వెచ్చచేసి, ముందు తన చెంపకు ఆనించుకుని చూసుకుని, తర్వాత వాడి తుంటి మీద వేస్తుంది. మొదటి రోజు నేను మూతి కడదామన్నాను. వద్దంది. "ఆడు నన్ను కరిసింది తెల్వక. ఇప్పుడు తెలుసు," అంది. ఆకు తగలగానే వాడి పెదవి పైకి లేచి పళ్ళు కనబడ్డాయి. రామమ్మ చేయి తీయలేదు. పెదవి మెల్లగా దిగింది. కాసేపటికి కళ్ళు మూశాడు.

నవంబర్ 23, ఆదివారం

గోళ్ళు తీయడానికి నన్ను పట్టనివ్వలేదు, రామమ్మను పట్టనివ్వలేదు. పాదం ముట్టుకుంటేనే గుర్రుమంటున్నాడు. రామమ్మ దొడ్డిలోకి గొంతెత్తి, నువ్వొస్తవా లేకుంటె మల్ల కరిపిచ్చుకోమంటవా అని అడిగింది.

ఐలేశం వచ్చాడు. దవాఖాన నుంచి వచ్చిన రోజు తర్వాత వాడిని ముట్టుకోవడం ఇదే. ముందు పక్కన కూర్చున్నాడు. బీడీ కాల్చాడు. వాడు మెల్లగా జరిగి జరిగి గడ్డం తెచ్చి ఐలేశం మోకాలి మీద పెట్టాడు. అప్పుడు ఐలేశం మొలలోంచి గొర్రెల డెక్కలు చెక్కే చిన్న కత్తి తీశాడు. ఒక్కో గోరు కొసకొసన, రక్తం రాకుండా, ఉల్లిపొర తీసినంత నెమ్మదిగా తీశాడు. ఒక గోరు వంగి మెత్తటి పాదంలోకే దిగి ఉంది. అది చూసి ఐలేశం కత్తి కింద పెట్టాడు.

"ఇది ఎన్నొద్దుల సంది ఉన్నదో. దినాం నా ఎంబడి నడిసిండు," అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

పూర్తయ్యాక వాడు నాలుగు అడుగులు వేసి ఆగి, తన పాదాలను తానే చూసుకున్నాడు. నిజంగా. నేను అబద్ధం రాయడం లేదు.

నవంబర్ 27, గురువారం

బ్లాక్ ఆఫీసరు గారు జీపులో వచ్చారు. ముందు చెప్పకుండా ఇన్‌స్పెక్షను. మహిళా మండలి ఎక్కడమ్మా అన్నారు. చెప్పడానికేముంది. మూడు నెలలు పిలిచాను, ఎవరూ రాలేదు. ఆయన వచ్చేసరికి నేను పొయ్యి ముందు ఆముదపాకులు వెచ్చచేస్తున్నాను, పక్కన కర్రోడు. కుక్కలకు కూడా మండలి పెట్టారా అన్నారు. డ్రైవరు నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. వచ్చే నెల మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళారు.

ఉద్యోగం పోతే నల్గొండ వెళ్ళిపోవడమే. అమ్మ సంతోషిస్తుంది.

నవంబర్ 28

రాత్రంతా ఆ నవ్వే వినబడింది. అయితే ఈరోజు మధ్యాహ్నం ఈదమ్మ వచ్చింది. వీధి చివరి ఇంటి ముసలమ్మ. ఆగస్టులో నేను మీటింగుకు పిలిస్తే తలుపు మూసుకున్న మనిషి. గడపలో కూర్చుని, చీర మోకాలి దాకా జరిపి చూపించింది. మోకాలు కుండంత వాచింది.

"కుక్కకు చేసేదేందో నాకు గూడ జర జెయ్యి బిడ్డా," అంది.

రామమ్మ నవ్వాపుకోలేక ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆకు వెచ్చచేశాను. ఈదమ్మ కాలు చాపుకుని కర్రోడి పక్కనే కూర్చుంది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

డిసెంబర్ 5, శుక్రవారం

చెడ్డ రోజు. రాసే ఓపిక లేదు కానీ రాయకపోతే పడుకోలేను.

రెండు రోజులుగా మంచు. నిన్న సాయంత్రం వాడు తిన్నదంతా కక్కేశాడు. డాక్టరు చెప్పినట్టే పొట్లం ఆపేశాం. ఆపగానే నొప్పి తిరిగొచ్చింది. పొద్దున లేవబోయాడు, వెనక కాళ్ళు రెండూ పక్కకు జారిపోయాయి. మళ్ళీ లేవబోయాడు. తర్వాత ప్రయత్నం మానేశాడు. పడుకున్న చోటే తడిపేసుకుని, సిగ్గుపడ్డట్టు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. రామమ్మ తుడిచి, పొడి గోనె మార్చింది.

ఐలేశం దూలానికి ఉన్న తాడు తీసి భుజాన వేసుకుని వచ్చాడు. రామమ్మ అడ్డం రాలేదు. నా వైపు చూసింది.

నేను ఇదంతా ఎవరికోసం చేస్తున్నాను. వాడి కోసమా, నేను వచ్చాక ఈ ఊళ్ళో ఒక్కటైనా బాగుపడిందని చెప్పుకోవడానికా. ఈ ప్రశ్న ఈరోజే వచ్చింది. ఐలేశాన్ని ఒక్క రోజు గడువు అడిగాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తాను, ఆయన కూడా ఇక లాభం లేదంటే నేనే అడ్డం రాను అన్నాను. ఐలేశం తాడు మళ్ళీ దూలానికి వేశాడు.

డిసెంబర్ 6, శనివారం

మొదటి బస్సుకు దేవరకొండ. డాక్టరు తిట్టలేదు. డోసు ఎక్కువైందన్నాడు. రెండు రోజులు ఆపి, కడుపు కుదుటపడ్డాక సగం పొట్లం, అదీ రోజు విడిచి రోజు. మిగతా భారం వేడి మీద, పడక మీద వేయమన్నాడు. లేపేటప్పుడు పొట్ట కింద బట్ట వేసి రెండు వైపులా పట్టుకుని లేపాలి. కాలు పట్టి లాగకూడదు.

లాభం లేదని ఎప్పుడు తెలుస్తుందని అడిగాను. ఆయన కుర్చీ నాకిచ్చి తను బల్ల మీద కూర్చున్నాడు. తినాలనుకోవడం, మనిషిని చూసి తల ఎత్తడం, హాయిగా నిద్రపోవడం, ఇవి చూసుకోమన్నాడు. మంచి రోజులకన్నా చెడ్డ రోజులు ఎక్కువైతే తనకు చెప్పమన్నాడు. తాడూ కర్రా అవసరం లేదట, తనే వచ్చి ఒక్క సూదితో నిద్రపుచ్చుతాడట. నొప్పి ఉండదు. "అది గూడ వైద్యమే. కాని ఇప్పుడే గాదు," అన్నాడు.

బస్సులో కొంచెం ఏడ్చాను. పక్కన కూర్చున్నామె దవాఖానలో ఎవరున్నారని అడిగింది. ఇంట్లో మనిషే అన్నాను.

డిసెంబర్ 8

లేచాడు. రామమ్మ పాత చీర పొట్ట కింద, మేమిద్దరం చెరో కొస. కానీ లేచింది వాడే.

డిసెంబర్ 14, ఆదివారం

మందతో పాటు నడవలేని చిన్న గొర్రెపిల్లలు, వాటి తల్లులతో సహా, ఇంటి దగ్గరే ఉండిపోతాయి. వాటికి బండ పక్కనే తడక కట్టారు. అందులో ఒక పిల్లకు తల్లి లేదు. రామమ్మ దాన్ని మేకపాలతో పెంచుతోంది. ఈరోజు తడక సందులోంచి దూరి వచ్చి కర్రోడి పొట్టకు ఆనుకుని పడుకుంది. నేను పరుగెత్తాను, ఎక్కడ కరుస్తాడోనని. వాడు నన్ను చూసిన చూపుకు మధ్యలోనే ఆగిపోయాను.

సాయంత్రానికి పిల్లలు మరికొన్ని చేరాయి. రామమ్మ తడకే విప్పేసింది. ఇక కాపడం ఖర్చు తగ్గింది అంది.

డిసెంబర్ 18

ఈదమ్మ ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది. ఒకామెకు భుజం, ఒకామెకు నడుము. ఆకులు చల్లారేలోగా పాలపొడి గురించి, పిల్లల సూదుల గురించి చెప్పాను. విన్నారు. ఇది మహిళా మండలి అని వాళ్ళకు చెప్పలేదు.

డిసెంబర్ 21, ఆదివారం

రేపు మంద కదులుతుంది. ఐలేశం ఇంకా ఏమీ తేల్చలేదు.

అన్నం తిన్నాక రామమ్మే అడిగింది. కర్రోడు నడుస్తున్నాడు, తింటున్నాడు, ఇంకేందని. ఐలేశం చేతిలోని చెంబు కింద పెట్టాడు. నడుస్తడు గనుకనే భయం అన్నాడు. నడిస్తే వెనకే వస్తాడు. మరి ఇక్కడే ఉండమని చెప్పరాదా పెద్దనాయినా, మీ మాట వింటాడు కదా అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఇన్ని రోజులు ఆయన లోపల పెట్టుకున్నదేమిటో ఈరోజు తెలిసింది.

"ఉండు అంటె ఉంటడు బిడ్డా. అదే నా ఫికర్. పన్నెండేండ్ల సంది నేను ఉండుమన్న జాగ ఇడిసి కదల్లే. ఒకపారి వాన గొట్టంగ, తోడేలు మీదికి రాంగ గూడ కదల్లే. పొద్దుగూకె యాళ్లకు నేనొచ్చి లే అంటెనే లేస్తడు. ఇప్పుడు ఉండుమని చెప్పి ఆర్నెల్లు రాకపోతె? తిండి మాని గట్లనే ఉంటడు. అది మోసం గాదా."

రామమ్మ గిన్నెలు సర్దుతూ, తల ఎత్తకుండా అంది: "నువ్వు రాకుంటె నేను లేపుత. నన్ను కరిసిండు గద, ఇగ నా మాట ఇనక ఏంజేస్తడు."

డిసెంబర్ 22, సోమవారం

తెల్లవారకముందే దొడ్డి తెరిచారు. గొర్రెల గిట్టల చప్పుడుకు నేను లేచాను. కర్రోడు నా కన్నా ముందే లేచి ఉన్నాడు. ఎవరూ బట్ట వేయలేదు. నాలుగు కాళ్ళ మీద నిలబడి, మందకు పక్కగా, తన పాత చోట నడవడం మొదలుపెట్టాడు. వంకరగా, కానీ చెవులు నిక్కబొడుచుకుని.

ఊరి బయట వాగు దాకా వెళ్ళాడు. మేమిద్దరం వెనక. వాగు దగ్గర ఐలేశం ఆగాడు. ఆయన ఆగితే మంద ఆగింది. వంగి కర్రోడిని రెండు చేతులా ఎత్తి, పిల్ల గొర్రెను వేసుకున్నట్టు మెడ మీద వేసుకున్నాడు. తీసుకుపోతాడేమో అనుకున్నాను. వెనక్కి తిరిగాడు. మంద దగ్గర తోటి కాపరి పెద్దులును నిలబెట్టి, ఇంటి దాకా మోసుకొచ్చాడు. దారంతా వాడు ఆయన చెవి నాకుతూనే ఉన్నాడు.

బండ మీది పడకలో దింపాడు. గొర్రెపిల్లల వైపు చేయి చూపించి, "ఇగ ఇదే నీ మంద. ఈడ ఉండు," అన్నాడు.

తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. కర్రోడు కదల్లేదు.

డిసెంబర్ 23

తినలేదు.

డిసెంబర్ 24, బుధవారం

ఈరోజూ తినలేదు. చారు పెట్టాం, మేకపాలు పెట్టాం, ఈదమ్మ వాళ్ళింట్లో కోడిని కోసి కాస్త కూర తెచ్చింది. వాసన కూడా చూడలేదు. వాగు వైపే చూపు. ఐలేశం చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. రామమ్మ పది మార్లు లే అంది. చెవి కదిలించాడు, అంతే. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను. వెళ్తే పొట్లం అడగాలో, ఆ ఒక్క సూది అడగాలో కూడా.

అదే రోజు, దీపాలు పెట్టాక

రాయకుండా ఉండలేను. పొద్దు గూకే వేళ రామమ్మ ఇంట్లోంచి ఐలేశం పాత రుమాలు తెచ్చి తలకు చుట్టింది. ఆయన చిరిగిన గొంగడి కప్పుకుంది. కర్ర పట్టుకుంది. వీధిలోకి వెళ్ళి, వాగు దిక్కు నుంచి ఆయన వచ్చే దారిన, ఆయన నడకతో నడిచి వచ్చింది. ముప్పై ఏళ్ళు చూసిన నడక. కురుమయ్య అరుగు మీంచి చూసి నోరు తెరిచాడు. ఎవరూ నవ్వలేదు.

వచ్చి కర్రోడి ముందు నిలబడి, నాలుకతో టక్కుమని చప్పుడు చేసి, గొంతు బరువుగా చేసుకుని, "లే ఇగ, దా," అంది.

వాడు ఆమెను కింది నుంచి పై దాకా చూశాడు. వాడికి తెలియక కాదు. కుక్కకు వాసన తెలియదా. అయినా ముందు కాళ్ళు చాపి, ఒళ్ళు విరుచుకుని, లేచాడు. లేచి గిన్నె దగ్గరికి నడిచి, చారు, పాలు, కోడికూర, వరసగా అన్నీ తిన్నాడు.

రామమ్మ రుమాలు విప్పి, దానితోనే మొహం తుడుచుకుని, పొయ్యి రాజేయడానికి వెళ్ళింది.

1959 జనవరి 7, బుధవారం

రోజూ అదే. పొద్దున రామమ్మ ఉండు అంటుంది, సాయంత్రం రుమాలు చుట్టుకుని లే అంటుంది. ఊరు అలవాటుపడింది.

నందికొండ నుంచి వస్తున్న లారీ డ్రైవరు ఐలేశం కబురు తెచ్చాడు. గొర్రెలు బాగున్నాయని, మేత ఉందని. ఇంటి దగ్గర పిల్లలు ఎట్లున్నాయని, పైకప్పు కురుస్తోందా అని అడిగాడట. చలికాలంలో కప్పు ఎలా కురుస్తుందని రామమ్మ అడిగితే, డ్రైవరు తల గోక్కుని, ఇంకోటేదో గూడ అడిగిండు, వాడు తింటున్నడా అన్నడు, ఎవరో పేరు చెప్పలే అన్నాడు.

తింటున్నాడని చెప్పి పంపాం.

జనవరి 19, సోమవారం

ఐలేశం వచ్చాడు. నిన్న, అదే లారీలో. ఉప్పు కోసం వచ్చానన్నాడు. నందికొండలో ఉప్పు దొరకదా అని రామమ్మ అడిగింది. ఇక్కడి ఉప్పు నయం అన్నాడు. నేను ఇంట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

మధ్యాహ్నమంతా బండ పక్కన కూర్చున్నాడు. పాదాలు చూశాడు, గోళ్ళు మళ్ళీ తీశాడు. తుంటి మీద అరచేయి ఆనించి చాలాసేపు ఉంచాడు. కర్రోడు అరవలేదు, పళ్ళు చూపలేదు. తోక నేల మీద కొడుతూనే ఉన్నాడు. సాయంత్రం ఐలేశమే లే అన్నాడు. ఈ పొద్దున ఆయనే ఉండు అని చెప్పి వెళ్ళాడు. ఉప్పు మరిచిపోయాడు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఐలేశం మళ్ళీ "ఉప్పుకు" వచ్చి వెళ్ళాడు. డాక్టరు దశరథం గారు ఊళ్ళో మిగిలిన గొర్రెలకు టీకాలు వేయడానికి వచ్చి కర్రోడిని కూడా చూశారు. వెనక ఎడమ కాలు ఇక బలపడదన్నారు, అది నిజం. నొప్పి మాత్రం అదుపులో ఉందన్నారు. మంచి రోజులే ఎక్కువా అని అడిగారు. రామమ్మా నేనూ ఒకేసారి తల ఊపాం. ఆ తల్లి లేని పిల్ల కర్రోడి చెవి నములుతోంది.

వచ్చే నెల అన్న బ్లాక్ ఆఫీసరు గారు కూడా ఇప్పటికి వచ్చారు. అరుగు నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో కుక్క. ఈదమ్మ ఆయన నడకను చూసి, సారుకు గూడ మోకాలు నొప్పి ఉన్నట్టున్నది, కూసోమనుండ్రి అంది.

కూర్చున్నారు.

ఏప్రిల్ 16

ఎండలు. వాడికి ఎండ మంచిదే. బండ వేడెక్కుతోంది, పడక తీసేశాం. పొట్లం మాని పదిహేను రోజులైంది.

జూన్ 5, శుక్రవారం

మంద తిరిగొచ్చింది. మబ్బు పట్టి ఉంది. ముందు దుమ్ము కనబడింది, తర్వాత గొర్రెల అరుపు. కర్రోడు తల ఎత్తాడు. లేవలేదు. ఉండు అని ఉంది కదా. ఒళ్ళంతా వణుకుతోంది, నోట్లోంచి సన్నగా ఒక కూత, అయినా బండ వదల్లేదు. రామమ్మ రుమాలు కోసం లోపలికి పరుగెత్తింది. అవసరం లేకపోయింది. ఐలేశం గొర్రెలను తోసుకుంటూ అందరికన్నా ముందు వచ్చి, ఇంకా వీధిలో ఉండగానే, లే అన్నాడు.

మూడు కాళ్ళ మీద పరుగు చూడడం నాకు అదే మొదటిసారి.

గొర్రెలు ఇద్దరినీ చుట్టుకుని దొడ్డిలోకి వెళ్ళిపోయాయి. ఇద్దరూ దుమ్ములో కూర్చునే ఉన్నారు. చాలాసేపటికి ఐలేశం తల ఎత్తి నాతో, "జర బరువెక్కిండు," అన్నాడు.

జూన్ 12, సాయంత్రం 5

మొదటి వాన. చలికాలమంతా చుక్క నీరు తగలకుండా మేం దాచుకున్న కర్రోడు లేచి వాకిలి మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. పిలిచాం, రాలేదు. కళ్ళు మూసుకుని, మూతి పైకెత్తి, తడుస్తున్నాడు.

కాపడం పెట్టాలి. తర్వాత. నేనూ వానలోకి వెళ్తున్నాను.